పాతకాలపు మిలిటరీ ఎయిర్ షోలు: ఇప్పటికీ కళ్లముందు ఆడే విన్యాసాలు

గాలివాటం:
ఫైటర్ల మీద, యుద్ధాల మీద ఇక్కడ బోలెడు చర్చలు నడిచాయి. జనం చూడటానికని ఎయిర్‌ఫోర్స్‌లు చేసిన విన్యాసాల మీద మాత్రం ఒక్కటీ కనబడలేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నాను. 50ల నుంచి 2000 దాకా ఏ దేశం టీమ్ అయినా సరే, మీరు చూసినవీ, విన్నవీ, చదివినవీ రాయండి.

నాకైతే ముందు గుర్తొచ్చేది కిరణ్ విమానాలతో ఎగిరిన మన ఎయిర్‌ఫోర్స్ టీమ్ సూర్యకిరణ్. 1996లో బీదర్‌లో టీమ్ పెట్టారు. 1998కల్లా తొమ్మిది విమానాలయ్యాయి. కిరణ్ మార్క్-2 చూడ్డానికి ఏమంత గొప్ప విమానం కాదు. శిక్షణ కోసం చేసిన బండి. ఒంటరిగా వెళ్తుంటే ఎవరూ తలెత్తి చూడరు. అవే తొమ్మిది కలిసి డైమండ్ ఆకారంలో ఒరిగి తిరుగుతుంటే మాత్రం మాట పడిపోయేది. బెంగళూరు దగ్గరి యలహంకలో చూశాను. వేగం తక్కువ కాబట్టి మలుపు చిన్నగా ఉంటుంది, టీమ్ ఎప్పుడూ కనుచూపు మేరలోనే ఉంటుంది. ఇప్పటి ఫైటర్లు ఒక్క పాస్ కొట్టి మళ్లీ వెనక్కి తిరిగొచ్చేసరికి పక్కవాళ్లతో కబుర్లు మొదలవుతాయి.

2011 ఏరో ఇండియా (బెంగళూరు ఎయిర్ షో) తర్వాత ఆ టీమ్‌ను ఆపేశారు. కారణం విన్యాసాలకు సంబంధించింది కాదు. హెచ్‌పీటీ-32 ట్రైనర్లను 2009లో నేలకు దించేశాక కొత్త పైలట్లకు నేర్పడానికి కిరణ్‌లు చాల్లేదు. షోల కోసం ఉంచినవి కూడా క్లాసులకే వెళ్లిపోయాయి. 2015లో హాక్ జెట్ ట్రైనర్లతో మళ్లీ మొదలైంది.

హంటర్‌రాజు:
మంచి చర్చ ఎత్తారు. సూర్యకిరణ్‌కు ముందున్న థండర్‌బోల్ట్స్ గురించి కూడా చెప్పుకోవాలి కదండీ. 1982లో ఐఏఎఫ్ (మన ఎయిర్‌ఫోర్స్) స్వర్ణోత్సవాల సమయంలో 20వ స్క్వాడ్రన్ వాళ్లు తొమ్మిది హంటర్లతో, అంటే బ్రిటిష్ జెట్ ఫైటర్లతో కట్టిన టీమ్ అది. నీలం, తెలుపు రంగులు. హంటర్‌ను ఒకసారి ఎగురుతుండగా చూసినవాడు ఇంకో విమానాన్ని అందమైనది అనడానికి కాస్త ఆలోచిస్తాడు. కోణాలు లేవు, అతుకులు లేవు. పైగా కొన్ని వేగాల్లో దాని ఈల లాంటి మోత ఒకటి ఉంది, దాన్నే ‘బ్లూ నోట్’ అంటారు.

ఆ హంటర్లతోనే 1958లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో షోలో ఆర్‌ఏఎఫ్ (బ్రిటన్ ఎయిర్‌ఫోర్స్) 111వ స్క్వాడ్రన్ 22 విమానాలతో ఒకేసారి లూప్, అంటే గాల్లో నిలువు చుట్టు, కొట్టింది. బ్లాక్ యారోస్ అనేవాళ్లు, ఒళ్లంతా నలుపు రంగు. లీడర్ రోజర్ టాప్. సొంత స్క్వాడ్రన్‌లో అన్ని విమానాలు ఎక్కడివి? పక్క స్క్వాడ్రన్ల నుంచి విమానాలను, పైలట్లను అరువు తెచ్చుకున్నారు. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది.

22 అంటే వినడానికి అంకె మాత్రమే. చివరి వరసలో ఉన్నవాడి పరిస్థితి ఊహించండి. లీడర్ థ్రాటిల్ (ఇంజిన్ పవర్ మీట) కొంచెం కదిపితే రెండో వరస ఇంకొంచెం కదపాలి, మూడో వరస ఇంకా ఎక్కువ. వెనక్కి వెళ్లేకొద్దీ ఊపు పెరుగుతూ పోతుంది. అందుకే మంచి లీడర్ తన ఇంజిన్ పవర్ మొత్తం వాడడు, కొంత వదిలేస్తాడు. ఆ వదిలిందే వెనకవాళ్లు స్థానంలో నిలబడటానికి పనికొస్తుంది.

కొత్తరెక్కలు:
సార్, నేను వీడియోల్లో తప్ప ఒక్క షో కూడా నేరుగా చూడలేదు. ఒక డౌట్. అంత దగ్గరగా ఎలా ఎగురుతారు? ఏదైనా రాడార్ గానీ, కంప్యూటర్ గానీ సాయం చేస్తుందా? ఇంకోటి, పొగ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంజిన్ కాలిపోతున్నట్టు ఉంటుంది కదా.

పాత ఎయిర్‌మన్:
బాబూ, ఏ కంప్యూటరూ లేదు. కళ్లే. నేను ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని, పైలట్‌ను కాదు. కానీ లైన్‌లో పనిచేస్తూ వాళ్ల మాటలు వింటూ వింటూ ఇది తెలిసింది.

పక్క విమానం మీద రెండు గుర్తులు చూసుకుంటారు. ఉదాహరణకు రెక్క చివరి లైటు, బాడీ మీద గుండ్రటి చిహ్నం. ఆ రెండూ ఒకే గీతలో కనబడితే నువ్వు సరైన చోట ఉన్నట్టు. గీత తప్పితే ముందుకో వెనక్కో జరిగావన్నమాట. షో అయ్యేదాకా అదే పని, చూపు తిప్పకూడదు. లూప్ పైకెక్కి తలకిందులైనా సరే, ఆకాశం ఎటుందో నేల ఎటుందో వింగ్‌మన్‌కు, అంటే పక్కన ఎగిరేవాడికి, పట్టదు. అవన్నీ చూసుకునేది లీడర్ ఒక్కడే. ఎంత ఎత్తులో ఉన్నాం, గాలి ఎటు కొడుతోంది, జనం ఏ వైపున్నారు, మబ్బు ఎంత కిందికి దిగింది, ఇంధనం ఎంత ఉంది, అన్నీ ఆయనవే. రేడియోలో ఆయన గొంతులోని లయను బట్టే మిగతావాళ్ల చెయ్యి కదులుతుంది. లాగుతున్నానని ముందే చెప్పి, సాగదీసి పలికి, ఆఖరి మాట మీద అందరూ ఒక్కసారే లాగుతారు.

ఇక పొగ సంగతి. టీమ్‌ను బట్టి డీజిల్ గానీ, ఒకరకం నూనె గానీ వాడతారు. దాన్ని వేడి ఎగ్జాస్ట్‌లోకి చిమ్ముతారు. అది ఆవిరై, బయటి చల్లగాలికి మళ్లీ సన్నటి బిందువులవుతుంది. మనకు తెల్లగా కనబడేది అదే. రంగు కావాలంటే డై కలుపుతారు. బ్రిటన్ టీమ్ రెడ్ యారోస్ హాక్‌లో తెలుపు సుమారు అయిదు నిమిషాలకు, ఎరుపు, నీలం ఒక్కో నిమిషానికి సరిపోతాయి. అందుకే రంగు ఎక్కడ వదలాలో లెక్కగా పెట్టుకుంటారు.

ఈ ముచ్చట మా బోటివాళ్లకు ఇంకోలా గుర్తుంటుంది. ఒక్కో సార్టీ (ఎగిరి రావడం) అయ్యాక తోక భాగమంతా జిడ్డే. ఆ డీజిల్ పొర మీద రన్‌వే దుమ్ము అంటుకుని నల్లటి పేస్టులా తయారయ్యేది. గుడ్డ పెట్టి ఎంత తుడిచినా రివెట్ల చుట్టూ ఉంగరంలా మిగిలేది. దాన్ని గోటితో గీకాల్సిందే. మర్నాడు పొద్దున ఆఫీసర్లు వచ్చేసరికి అద్దంలా మెరవాలి. షో ఫొటోల్లో మా పని అదీ.

కొత్తరెక్కలు:
థాంక్స్ సార్! అంటే లీడర్ పొరపాటు చేస్తే...?

పాత ఎయిర్‌మన్:
అందరూ వెంటే వెళ్తారు. 1982 జనవరిలో అమెరికా ఎయిర్‌ఫోర్స్ టీమ్ థండర్‌బర్డ్స్‌కు అదే జరిగింది. నెవాడా ఎడారిలోని ఇండియన్ స్ప్రింగ్స్ దగ్గర ప్రాక్టీసు. నాలుగు టీ-38 జెట్‌లు పక్కపక్కనే ఒకే వరసలో లూప్ కొట్టి దిగుతున్నాయి. లీడర్ విమానంలో కంట్రోల్ జామ్ అయిందని దర్యాప్తులో తేల్చారు. ఆయన పైకి లాగలేకపోయాడు. మిగతా ముగ్గురి చూపు ఆయన మీదే కాబట్టి నేల దగ్గరపడటం వాళ్లకు తెలిసే అవకాశమే లేదు. నలుగురూ పోయారు. మర్నాటి ఏడు ఎఫ్-16లతో టీమ్ మళ్లీ వచ్చింది.

మబ్బులరాయుడు:
చర్చ విషాదం వైపు వెళ్తోంది, నేను మరోలా రాస్తా. నిజం మాట్లాడుకుందాం, ఇప్పటి షోల్లో మజా లేదు. విమానాలన్నీ అవతలెక్కడో ఎగురుతాయి. మనం కుర్చీల్లో కూర్చుని పెద్ద స్క్రీన్‌లో చూడాలి. అదేదో ఇంట్లో టీవీలోనే చూడొచ్చు.

పాత రోజుల్లో ఎలా ఉండేదో చూడండి. 1955 ఫార్న్‌బరోలో టెస్ట్ పైలట్ రోలీ ఫాక్ వల్కన్ బాంబర్‌ను బ్యారెల్ రోల్ చేశాడు, అంటే ముందుకెళ్తూనే పూర్తిగా బొర్లించి తిప్పాడు. నాలుగింజిన్ల, త్రికోణం రెక్కల బాంబర్ అది! పైగా ఆయన వేసుకునేది ఫ్లయింగ్ సూట్ కాదు, ఆఫీసుకు వెళ్లే చారల సూటు, టై. పైవాళ్లు ఇంకోసారి ఇలా చేయొద్దని మందలించారట. అలాంటి మనుషులేరి ఇప్పుడు?

వల్కన్ మోత గురించి విన్నారా? పవర్ పెంచుతుంటే గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్‌ల నుంచి ఒక ఊళ వస్తుంది. ఛాతీలో తగులుతుంది. లైట్నింగ్ అనే బ్రిటిష్ ఫైటర్ అయితే ఇంకో రకం. రెండు ఇంజిన్లూ ఒకదాని మీద ఒకటి. టేకాఫ్ కాగానే రీహీట్‌తో (ఎగ్జాస్ట్‌లో అదనపు ఇంధనం మండించి) నిలువునా పైకి లేచేది. 1988లో దాన్ని కూడా పక్కన పెట్టేశారు. ఆ మోత లేని షో ఉప్పులేని పప్పే.

రన్‌వే సుజాత:
మోత విషయంలో మీతో ఏకీభవిస్తాను. ‘అవతలెక్కడో’ అన్నదానికి మాత్రం ఒప్పుకోను. ఆ దూరం ఊరికే రాలేదు రాయుడు గారూ. ప్రతి గజానికీ ఒక లెక్కుంది.

1952 సెప్టెంబరు 6, మళ్లీ ఆ ఫార్న్‌బరోనే. జాన్ డెర్రీ డీహెచ్-110 అనే ఫైటర్‌ను ధ్వని వేగం దాటించి డైవ్ చేసి, జనం వైపు తిరుగుతున్నాడు. రెక్క తట్టుకోలేక విమానం గాల్లోనే విడిపోయింది. ఒక ఇంజిన్ నేరుగా గట్టు మీద కూర్చున్న జనంలోకి దూసుకెళ్లింది. చూడటానికి వచ్చినవాళ్లు 29 మంది, విమానంలో ఉన్న ఇద్దరు చనిపోయారు. ఇంకా ఆశ్చర్యమేమిటంటే రన్‌వే శుభ్రం చేయగానే ఇంకో పైలట్ నెవిల్ డ్యూక్ హంటర్ ఎక్కి తన ప్రదర్శన తాను చేశాడు. చర్చిల్ ఆయనకు ఉత్తరం రాసి మెచ్చుకున్నాడు. ఆ కాలం తెగువ అలాంటిది. కానీ తెగువ పైలట్‌ది, ప్రాణాలు చూసేవాళ్లవి. ఆ తర్వాతే జనం వైపు ముక్కు పెట్టి విన్యాసం చేయకూడదు, ఇంత దూరం లోపలికి రాకూడదు అని బ్రిటన్‌లో నిబంధనలు గట్టిపడ్డాయి.

అన్ని దేశాలూ ఆ పాఠం నేర్చుకోలేదు. 1988 ఆగస్టు 28, జర్మనీలో రామ్‌స్టైన్. ఇటలీ టీమ్ ఫ్రెచె త్రికొలోరి, పది ఎంబీ-339 జెట్‌లు. రెండు గుంపులు పొగతో హృదయం ఆకారం గీస్తాయి, సోలో పైలట్ బాణంలా దాన్ని చీల్చుకుంటూ జనం వైపు రావాలి. అతను కాస్త తొందరగా, కాస్త కిందుగా వచ్చాడు. మూడు విమానాలు గుద్దుకున్నాయి. ఒకటి మంటల ముద్దయి జనంలో పడింది. పైలట్లు ముగ్గురితో కలిపి 70 మంది చనిపోయారు. చికిత్స దగ్గర కూడా ఘోరం: అమెరికన్ సైనిక వైద్యులు పెట్టిన సెలైన్ సూదులకు జర్మన్ అంబులెన్సుల గొట్టాలు అమరలేదు. ఇదంతా జరిగాకే జనం మీదుగా దూసుకొచ్చే క్రాసింగులు యూరప్‌లో పోయాయి.

2002లో ఉక్రెయిన్‌లోని స్క్నీలివ్‌లో ఎస్‌యూ-27 ఫైటర్ కిందికి దిగి జనంలోకి దూసుకెళ్లింది. 77 మంది చనిపోయారు, వాళ్లలో 28 మంది పిల్లలు. పైలట్లిద్దరూ ఎజెక్ట్ అయి (సీటుతో సహా బయటికి ఎగిరి) బతికారు, తర్వాత జైలు శిక్ష పడింది. మన దగ్గర చూస్తే 2010 మార్చిలో బేగంపేట షోలో నేవీ సాగర్ పవన్ టీమ్ కిరణ్ ఒకటి ఇళ్ల మీద కూలి పైలట్లిద్దరూ పోయారు. 2019లో ఏరో ఇండియా ముందురోజు రిహార్సల్‌లో సూర్యకిరణ్ హాక్‌లు రెండు ఢీకొని ఒక పైలట్‌ను కోల్పోయాం.

పైలట్ ఎంత రిస్క్ తీసుకోవాలన్నది ఆయన, ఆయన ఎయిర్‌ఫోర్స్ తేల్చుకుంటారు. పిల్లాణ్ణి భుజం మీద కూర్చోబెట్టుకున్న తండ్రి ఆ రిస్క్‌కు సంతకం పెట్టి రాలేదు కదా.

మబ్బులరాయుడు:
సుజాత గారూ, చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. కానీ మజా తగ్గిందన్నది మాత్రం వెనక్కి తీసుకోను. రెండూ నిజం కావచ్చు.

ఇంకోటి. దూరం పాటిస్తూ కూడా ఒళ్లు జలదరించేలా చేయొచ్చు. రెడ్ యారోస్‌లో సింక్రో అనే రెండు విమానాల జంటను చూడండి. ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నారా అన్నట్టు దాటిపోతారు. నిజానికి ఇద్దరి మధ్య చాలినంత ఎడం ఉంటుంది. మనం పక్క నుంచి చూస్తాం కాబట్టి ఆ ఎడం మన కంటికి కనబడదు, అంతే.

త్రిశూల్29:
రష్యన్ల గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి? 1989 పారిస్ షో లేకుండా ఈ చర్చ పూర్తవదు.

పారిస్ దగ్గరి లె బుర్జే విమానాశ్రయం, జూన్ 8. మిగ్-29 ఫైటర్‌ను అనతోలి క్వొచూర్ చాలా నెమ్మదిగా, ముక్కు బాగా పైకెత్తి, జనం ముందు నుంచి తీసుకెళ్తున్నాడు. ఆ వేగంలో రెండు ఇంజిన్లూ పూర్తిగా పనిచేస్తేనే విమానం గాల్లో నిలుస్తుంది. కుడి ఇంజిన్‌లోకి పక్షి వెళ్లింది. మంట కనబడింది, విమానం కుడివైపు ఒరిగి ముక్కు నేలకు తిప్పేసింది. ఆయన ఎజెక్ట్ అయినప్పుడు విమానం దాదాపు నిలువునా కిందికి చూస్తోంది. నేలను గుద్దడానికి మిగిలింది రెండున్నర సెకన్లు. పారాచూట్ సరిగా విచ్చుకునే లోపే విమానం పేలింది, ఆయన మంటలకు కాస్త దూరంలో పడి బతికిపోయాడు. రష్యన్ల కె-36 ఎజెక్షన్ సీటు సంగతి పశ్చిమ దేశాలు ఆ రోజే కళ్లారా చూశాయి. ఏ ప్రకటనా అలా అమ్మిపెట్టలేదు.

అదే షోలో విక్తర్ పుగచోవ్ ఎస్‌యూ-27తో కోబ్రా చేశాడు. ఎత్తు పెద్దగా మారకుండా ముక్కు నిలువుకన్నా వెనక్కి, 110 డిగ్రీల పైకి వాలిపోయి, మళ్లీ మామూలుగా ముందుకు. చూసినవాళ్లకు విమానం గాల్లో ఆగినట్టే అనిపించింది.

1993లో ఇంగ్లండ్‌లోని ఫెయిర్‌ఫోర్డ్‌లో రెండు మిగ్-29లు ఢీకొన్నాయి. పైలట్లిద్దరూ క్షేమంగా దిగారు, కింద కూడా ఎవరికీ ఏమీ కాలేదు. సుజాత గారు చెప్పిన దూరం అక్కడ పనిచేసింది.

హంటర్‌రాజు:
కోబ్రా గొప్పదే, కాదనను. యుద్ధంలో అంత పనికొస్తుందా అంటే నాకు నమ్మకం లేదు. వేగమంతా అక్కడే ఖర్చయిపోయాక రెండో శత్రువు వస్తే? స్వీడన్ వాళ్లు తమ డ్రాకెన్ ఫైటర్‌తో అలాంటిదే 60లలోనే చేశారు, స్టాల్ (రెక్కలు గాలిపట్టు కోల్పోవడం) నుంచి బయటపడే శిక్షణలో భాగంగా. వాళ్లు జనానికి చూపించలేదు కాబట్టి పేరు పుగచోవ్‌కు దక్కింది.

త్రిశూల్29:
అన్నా, యుద్ధానికి పనికిరాకపోతే ఏం? మీ 22 హంటర్ల లూప్ మాత్రం ఏ యుద్ధంలో వాడారు? 😀

నేవీ తీరం:
హ హ, దెబ్బ బాగా తగిలింది.

జెట్ టీమ్‌ల మధ్య మిగతావాటిని మరిచిపోకండి. హారియర్ అనే ఫైటర్ హెలికాప్టర్‌లా గాల్లో ఆగి, జనం వైపు తిరిగి, ముక్కు వంచి దండం పెట్టేది. మన నేవీ సీ హారియర్లను 2016లో రిటైర్ చేసింది. అమెరికా నేవీ టీమ్ బ్లూ ఏంజెల్స్‌కు ‘ఫ్యాట్ ఆల్బర్ట్’ అనే సీ-130 ఉంది. రాకెట్లు కట్టి చిన్న రన్‌వే నుంచి ఆ బరువైన రవాణా విమానాన్ని బాగా ఏటవాలుగా లేపేవాళ్లు. 2009తో ఆ రాకెట్ల ముచ్చట ముగిసింది.

హెలికాప్టర్లలో మన ఎయిర్‌ఫోర్స్ టీమ్ సారంగ్. 2003లో కట్టారు, 2004లో సింగపూర్ షోలో తొలిసారి బయటి ప్రపంచానికి కనబడింది. అప్పట్లో నాలుగు ధ్రువ్ హెలికాప్టర్లు, ఒంటి మీద నెమలి. ధ్రువ్ రోటర్‌కు మామూలు కీళ్లు ఉండవు కాబట్టి స్టిక్ కదిపిన వెంటనే బాడీ తిరుగుతుంది. అందుకే అంత చురుగ్గా మలుపులు తీసుకుంటుంది. హెలికాప్టర్ ఫార్మేషన్ జెట్ కన్నా తేలికని కొందరంటారు. పక్కవాడి రోటర్ గాలి మీద పడుతుంటే స్థిరంగా నిలవడం ఎంత కష్టమో ఆ మాట అన్నవాళ్లను ఒకసారి ఎక్కించి చూపించాలి.

కెమెరా కన్ను:
ఫొటోల మాట ఒకటి. ఫిల్మ్ రోజుల్లో రోల్‌కు 36. షో మధ్యలో రోల్ అయిపోతే, మార్చేలోపు తప్పకుండా అసలైన విన్యాసం జరిగిపోయేది. ఇది నియమం.

జెట్ అయితే షట్టర్ వేగం పెంచుకోవచ్చు, ఫరవాలేదు. హెలికాప్టర్‌కో ప్రొపెల్లర్‌కో అలా చేస్తే రెక్కలు కదలకుండా నిలబడి, బొమ్మను దారానికి వేలాడదీసినట్టు ఉంటుంది. షట్టర్ తగ్గించి విమానంతోపాటు చెయ్యి తిప్పాలి. సగం ఫ్రేములు చెడిపోతాయి. అవి ప్రింట్ అయ్యి వచ్చేదాకా ఏవి చెడ్డాయో తెలియదు, అదో టెన్షన్. వేగంగా వచ్చే ఫైటర్‌తో ఇంకో చిక్కు: మోత వినబడి తల తిప్పేసరికి విమానం అక్కడ ఉండదు, ఎప్పుడో ముందుకెళ్లిపోయి ఉంటుంది. చెవిని నమ్మకూడదు, మోత వచ్చిన చోటుకన్నా ముందువైపు వెతకాలి.

మోడరేటర్:
చర్చ బాగుంది, కొనసాగించండి. ప్రమాదాల వీడియో లింకులు రెండు తీసేశాను. ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని రాయడం వేరు, ఆ దృశ్యాలు పెట్టడం వేరు. దయచేసి మళ్లీ పెట్టకండి.

కొత్తరెక్కలు:
ఇంకొక్క డౌట్. థండర్‌బర్డ్స్ పాత ఫొటోల్లో ఒక విమానం తోక మసి కొట్టుకుపోయి ఉంది. ఇంకోదాని మీద 5 అంకె తలకిందులుగా ఉంది. పెయింటర్ తప్పా?

పాత ఎయిర్‌మన్:
తప్పేం కాదు. మసి తోక నాలుగో నంబరుది. డైమండ్‌లో లీడర్ వెనక, కాస్త కిందుగా ఉండే చోటును ‘స్లాట్’ అంటారు. ముందు విమానాల ఎగ్జాస్ట్ అంతా వచ్చి అతని తోకకే తగిలేది. చాలాకాలం దాన్ని కడగకుండా అలాగే వదిలేసేవాళ్లు. మా బోటివాళ్లకు అలాంటి ఆర్డర్ ఎవరూ ఎందుకివ్వలేదో మరి! అయిదో నంబరు సోలో పైలట్‌ది. షోలో చాలాసేపు తలకిందులుగానే ఎగురుతాడు, అందుకని అప్పుడు మనకు సరిగా కనబడేలా అంకెను తిప్పి వేశారు.

ఇంకోటి విను. బ్లూ ఏంజెల్స్ పైలట్లు జీ-సూట్ (మలుపుల్లో ఉబ్బి కాళ్లను, పొట్టను నొక్కిపట్టే సూట్) వేసుకోరు. చెయ్యి తొడకు ఆనించి స్టిక్ పట్టుకుంటారు. మలుపులో సూట్ ఉబ్బితే చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే విమానం కదులుతుంది. అందుకని కాళ్లు, పొట్ట బిగబట్టి మలుపులో మీద పడే ఒత్తిడిని శరీరంతోనే తట్టుకుంటారు.

గాలివాటం:
రాజు గారూ, ఇన్ని చదివాక మీ 22 దగ్గరికే వస్తున్నా. అంత పెద్ద లూప్ మళ్లీ ఎవరైనా చేస్తారంటారా?

హంటర్‌రాజు:
చేయరు. నైపుణ్యం లేక కాదు. 1958లో ఆర్‌ఏఎఫ్ దగ్గర హంటర్ స్క్వాడ్రన్లు వరసగా ఉన్నాయి, పక్కవాణ్ణి అడిగితే నాలుగు విమానాలు పంపేవాడు. ఇప్పుడు 22 ఫైటర్లంటే చాలా దేశాలకు సగం ఎయిర్‌ఫోర్స్. వాటిని వారాల తరబడి ఒకే లూప్ కోసం కట్టిపడేస్తానంటే ఏ చీఫ్ ఒప్పుకుంటాడు? సుజాత గారు ముందే అడ్డం పడతారనుకోండి, అది వేరే సంగతి.

రన్‌వే సుజాత:
జనానికి దూరంగా, రన్‌వే వెంబడి చేస్తే నాకేం అభ్యంతరం లేదు. మొదటి వరసలో సీటు నాకే.